నిమ్మళంగా కొట్టిన దెబ్బ

జహీరాబాద్‌లో థ్రాష్ మెటల్ వినేవాళ్లు ఎక్కువమంది ఉండరు. ఉన్న కొద్దిమందికీ హైదరాబాద్‌లోనో బీదర్‌లోనో చదువుకునే రోజుల్లో హాస్టల్ రూములో అంటుకున్న అలవాటే. ఇంటికొచ్చాక ఇయర్‌ఫోన్లలో వింటారు, స్పీకర్‌లో పెట్టే ధైర్యం ఎవరూ చేయరు. ఇంత చిన్న గుంపులో కూడా ఒక ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి మాట కలవదు. అమెరికా బ్యాండ్ స్లేయర్ 1988 జులైలో తెచ్చిన ‘సౌత్ ఆఫ్ హెవెన్’ అది. స్లేయర్‌లో కూర్చుని వినదగ్గది అదొక్కటే అనేవాడొకడు. వాళ్ల పతనం అక్కడే మొదలైందనేవాడు ఇంకొకడు. మొదటి పాట, ఐదో పాట బాగుంటాయి, మిగతాది భర్తీ సరుకని తేల్చేసేవాడు మరొకడు.

ఈ తగాదా మన దగ్గరే పుట్టింది కాదు. బ్యాండ్ లోపలే ఉంది. గిటారిస్టు కెర్రీ కింగ్ ఈ ఆల్బమ్‌లో తన వాయింపు చప్పగా ఉందని స్వయంగా చెప్పుకున్నాడు. పాడుతూ బాస్ వాయించే టామ్ అరాయా మాత్రం ఇది జనానికి ఆలస్యంగా ఎక్కిన ఆల్బమ్ అన్నాడు. నా ఓటు అరాయాకే. ఎందుకో చెప్పాలంటే మాత్రం, థ్రాష్‌లో చేతులు ఏం చేస్తాయో ముందు చూడాలి. దాన్ని గోల అని తోసేసేవాళ్లకూ, వేగం కోసమే మెచ్చుకునేవాళ్లకూ ఒకటే చిక్కు. ఇద్దరూ చేతుల వైపు చూడరు.

1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు ఇంగ్లండ్ నుంచి వచ్చిన రికార్డులను అరిగిపోయేదాకా విన్నారు. మోటర్‌హెడ్, వెనమ్, డైమండ్ హెడ్ లాంటి మెటల్ బ్యాండ్లు ఒకవైపు, డిస్‌చార్జ్ లాంటి పంక్ బ్యాండ్లు ఇంకోవైపు. మెటల్ నుంచి గిటార్ పనితనం తీసుకున్నారు, పంక్ నుంచి కోపమూ తొందరా తీసుకున్నారు. 1983 జులైలో మెటాలికా ‘కిల్ ఎమ్ ఆల్’, అదే ఏడాది డిసెంబర్‌లో స్లేయర్ ‘షో నో మెర్సీ’ వచ్చాయి. స్లేయర్ మొదటి రికార్డింగ్‌కు డబ్బు పెట్టినవాళ్లు ఎవరో కాదు. ఆస్పత్రిలో ఊపిరితిత్తుల రోగులకు చికిత్స చేసే పనిలో అరాయా దాచుకున్న జీతం, కింగ్ తన తండ్రి దగ్గర తెచ్చిన అప్పు కలిపి పని కానిచ్చారు. అరాయా పుట్టింది చిలీలో, డ్రమ్మర్ డేవ్ లొంబార్డో పుట్టింది క్యూబాలో. జర్మనీలో రూర్ బొగ్గుగనుల ప్రాంతం నుంచి క్రియేటర్, సోడమ్ బ్యాండ్లు లేచాయి. సోడమ్ నాయకుడు గనిలో పనిచేసినవాడే. బ్రెజిల్ నుంచి సెపల్చురా వచ్చింది. ఉన్నోళ్ల బంగళాల్లో పుట్టిన సంగీతం కాదని చెప్పడానికి ఈ మాత్రం చాలు.

ఇక చేతుల సంగతి. గిటార్ మీద థ్రాష్ ముఖ్యంగా కుడిచేతి విద్య. చిటికెన వేలి కిందుండే అరచేతి అంచును, తీగలు బ్రిడ్జి మీద ఆనే చోట ఆనించి ఉంచుతారు. వెంట్రుకవాసి ముందుకు జరిగితే తీగ పూర్తిగా మూగబోతుంది. వెనక్కి జరిగితే ఖంగుమంటుంది. ఆ రెండింటికీ మధ్య ఒక సన్నని చోటుంది. అక్కడ చెయ్యి ఆనితే ధ్వని పుట్టీ పుట్టగానే తెగిపోతుంది, కానీ బరువు మాత్రం మిగులుతుంది. దీన్ని పామ్ మ్యూటింగ్ అంటారు. యాంప్లిఫయర్‌లో డిస్టార్షన్ బాగా పెంచి ఉంటుంది కాబట్టి చెయ్యి ఎత్తిన మరుక్షణం తీగ గర్జిస్తుంది. మూసి కొట్టిన దెబ్బలు ఎన్ని, తెరిచి కొట్టినవి ఎన్ని, ఏది ఎక్కడ పడాలి అన్న లెక్కే థ్రాష్ రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగే వరస.

దీనికి తోడు డౌన్‌పికింగ్ ఉంది. తీగ మీటే పిక్‌ను ప్రతిసారీ పైనుంచి కిందికే కొట్టాలి. కిందికీ పైకీ కొడితే శ్రమ సగమవుతుంది, కానీ పైకి వచ్చే దెబ్బ పలచబడుతుంది. కిందికే కొడితే అన్ని దెబ్బలకూ ఒకే బరువుంటుంది. మణికట్టు మాత్రం మంటెక్కిపోతుంది. వేగం మరీ పెరిగినప్పుడు ఎవరి మణికట్టయినా కిందికీ పైకీ ఆడాల్సిందే. స్లేయర్ వాళ్లు అందులో ఘటికులు. తీగను అంత వేగంగా గీకుతున్నప్పుడు ఒక దెబ్బ కాస్త అటూ ఇటూ పడినా వినేవాడికి పట్టదు. రిఫ్‌ను సగం వేగానికి దించండి, అప్పుడు ప్రతి తప్పూ బయటపడుతుంది. గిటార్ నేర్చుకునే కుర్రాళ్లు దీన్ని ఒప్పుకోవడానికి చాలా కాలం పడుతుంది.

ఎడమచేతి పని తక్కువేం కాదు. థ్రాష్ నిలబడేది పవర్ కార్డ్ మీద. అందులో ఉండేవి షడ్జమం, పంచమం మాత్రమే, గాంధారం ఉండదు. డిస్టార్షన్‌లో గాంధారం కలిస్తే ధ్వని చెదిరి రొదవుతుంది, సా-పా కలిస్తే మాత్రం బండలా నిలుస్తుంది. మన తంబూరా కూడా సా-పాల మీదే కదా నిలబడేది. ఆ పునాది మీద వీళ్లు నడిచే దారి పాశ్చాత్యులు ఫ్రిజియన్ అనే వరస. స్వరస్థానాలు చూస్తే మన హనుమతోడివే, షడ్జమాన్ని ఆనుకునే ఉండే శుద్ధ రిషభంతో సహా. దానికి మధ్యమధ్యలో ప్రతిమధ్యమాన్ని జొనుపుతారు. షడ్జమానికి ఎదురుగా అది పడితే చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టే. అలాగని తోడి విన్న చెవికి ఇది తోడిలా వినిపిస్తుందనుకుంటే పొరపాటు. గమకం లేని తోడి తోడి కాదు. ఇక్కడ స్వరం ఊగదు, మెట్టు మీద మెట్టులా నిలువుగా దిగుతుంది. ఆ బిరుసుతనమే వీళ్లకు కావలసింది.

ఈ సరంజామా అంతా పెట్టుకుని స్లేయర్ 1986 అక్టోబర్‌లో ‘రెయిన్ ఇన్ బ్లడ్’ తెచ్చింది. పది పాటలు, 29 నిమిషాలు. నిర్మాత రిక్ రూబిన్ అప్పటిదాకా హిప్ హాప్ రికార్డులతో పేరు తెచ్చుకున్నవాడు. మెటల్ రికార్డుల్లో అలవాటుగా పోసే ప్రతిధ్వనిని తీసేయించి, డ్రమ్ములనూ గిటార్లనూ పొడిగా చెవి పక్కనే వాయిస్తున్నట్టు పట్టించాడు. క్యాసెట్‌లో ఒక వైపే ఆల్బమ్ మొత్తం సరిపోయింది. నాజీ డాక్టర్ మెంగెలే మీద రాసిన మొదటి పాట చూసి కొలంబియా కంపెనీ పంపిణీ చేయనంటే, గెఫెన్ ముందుకొచ్చింది. థ్రాష్‌లో అంతకంటే వేగంగా, అంతకంటే బిగువుగా వాయించడం ఇక కుదరదని చాలామందికి అనిపించింది.

బ్యాండ్‌కు కూడా అదే అనిపించింది. రెండేళ్ల తర్వాత ‘సౌత్ ఆఫ్ హెవెన్’కు వచ్చేసరికి, ఆ రికార్డును మళ్లీ దాటలేమని తెలిసే వేగం తగ్గించామని గిటారిస్టు జెఫ్ హానెమన్ తర్వాత చెప్పాడు. సంగీతంలో ఎక్కువ భాగం అతనిదే. ఆ రోజుల్లో కింగ్ కొత్తగా పెళ్లి చేసుకుని అరిజోనాకు మకాం మార్చాడు, ఇందులో అతని చెయ్యి తక్కువ. డబ్బు విషయంలో పేచీ వచ్చి 1986 చివర్లో వెళ్లిపోయిన లొంబార్డో మళ్లీ తిరిగొచ్చాడు. రూబిన్ మారలేదు, శబ్దం పట్టిన ఆండీ వాలస్ కూడా మారలేదు. ఇతనే తర్వాత నిర్వాణా ‘నెవర్‌మైండ్’ను మిక్స్ చేశాడు. మనుషులు వాళ్లే, పొడి ధ్వనీ అదే. మారింది నడక ఒక్కటే. కాబట్టి రెండు ఆల్బములనూ పక్కపక్కన పెట్టి వింటే, వేగం తీసేశాక థ్రాష్‌లో ఏం మిగులుతుందో తేటగా తెలిసిపోతుంది.

మొదటి పాట పేరు ఆల్బమ్ పేరే. గిటార్ ఒక్కటే మొదలవుతుంది. పక్కపక్క స్వరాల మీద మెల్లగా జారే ఒక వంకర వరస. ఎక్కడ నిలిచిందో, ఏది ఆధార షడ్జమమో చెవికి వెంటనే అందనివ్వదు. రెండో గిటార్ వచ్చి కలుస్తుంది. ఆ తర్వాత లొంబార్డో తొందరపడకుండా తాళాలు, పెద్ద డ్రమ్ములు ఒక్కొక్కటిగా కలుపుతూ వస్తాడు. గొంతు వినిపించేదాకా నిమిషం దాటిపోతుంది. ‘రెయిన్ ఇన్ బ్లడ్’లో ఆ పాటికి కొన్ని పాటలు సగానికి వచ్చేసేవి. ఆ నిమిషం పైచిలుకులో జరిగేదల్లా ఒకటే, రిఫ్ మారకుండా దాని చుట్టూ బరువు పెరగడం. కచేరీలో ఆలాపన ఎందుకుంటుందో తెలిసినవాళ్లకు ఇదేం వింత కాదు. వేగం కోసం ఎదురుచూసేవాళ్లకు మాత్రం ఒళ్లు మండుతుంది. 1988లోనూ మండింది.

ఈ పాట విషయంలో డప్పు గుర్తుకు రాక తప్పదు. మా వైపు పెళ్లికీ డప్పే, చావుకూ డప్పే, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి శివరాత్రి జాతరకూ డప్పే. మంట దగ్గర కాచి తోలు బిగించి, కుడిచేత్తో సిర్ర, ఎడమచేత్తో చిటికెన పుల్ల పట్టి వాయిస్తారు. సిర్ర బరువు మోస్తుంది, పుల్ల సందులు నింపుతుంది. జాతరలో ఎవరైనా ఉరికించి కొట్టగలరు. చావు ముందు నడిచే దరువుకు మాత్రం నడక ఆగకూడదు, ఉరకనూ కూడదు. సందు ఎంతసేపు ఖాళీగా ఉంచాలో చేతికి తెలియాలి. లొంబార్డో ఈ ఆల్బమ్‌లో చేసింది ఆ పనే. థ్రాష్‌లో మామూలుగా చేత్తో కొట్టే స్నేర్ డ్రమ్, కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఒకటి తర్వాత ఒకటి పరుగెడతాయి. అతను స్నేర్‌ను సగానికి తగ్గించి, కింద రెండు కాళ్లతో కిక్‌ను నింపుతాడు. పైన మనిషి నడుస్తున్నట్టుంటుంది, కింద నేల కదులుతున్నట్టుంటుంది.

డప్పు వాయించే ఒకాయనకు ఈ ఆల్బమ్‌లో మూడు పాటలు వినిపించాను, ఆయన నా మాటే అంటాడన్న నమ్మకంతో. రెండో పాట ‘సైలెంట్ స్క్రీమ్’ మొదలవగానే ఫోన్ వైపు చూశాడు.

“సార్, ఇద్దరు కొడ్తున్నరా?”

“ఒక్కడే. కింద రెండు కాళ్లతోటి గూడ కొడ్తడు.”

“కాళ్లతోటి కొడ్తే లెక్క తప్పదా?”

తప్పదని చెప్తే కాసేపు నమ్మలేదు. మళ్లీ పెట్టించుకుని, మోకాలి మీద వేళ్లతో ఆ లెక్క పట్టుకునే ప్రయత్నం చేశాడు. చివర్లో తీర్పు చెప్పాడు. “ఉరికేది మంచిగున్నది. మొదటిది ఉన్నదేందో ఉన్నట్టే ఉన్నది సార్, జర నిద్రొస్తది.” నా వాదం ఆయన దగ్గర నెగ్గలేదు. ఇంకో విషయం కూడా ఉంది. డప్పును గోల అని తోసేసినవాళ్లు మన దగ్గర తరతరాలుగా ఉన్నారు. అది వాయించేవాళ్లను ఊరి చివర పెట్టి, వాళ్ల లెక్కను సంగీతంగా ఒప్పుకోలేదు. కాబట్టి థ్రాష్‌ను గోల అనేవాళ్లతో నాకు కొత్తగా పేచీ ఏమీ లేదు, పాతదే సరిపోతుంది.

గొంతు సంగతి చూద్దాం. ‘రెయిన్ ఇన్ బ్లడ్’లో అరాయా మాటలను ఊపిరాడకుండా గుమ్మరిస్తాడు. ఇక్కడ మాటల మధ్య చోటు దొరికింది, కాబట్టి కొన్నిచోట్ల దాదాపు పాడతాడు. కింగ్‌కు నచ్చనిదే అది. చాలామంది పాత అభిమానులకూ నచ్చలేదు. నాకు మాత్రం మాటలు అర్థం కావడం వల్లే ఈ ఆల్బమ్ భయపెడుతుంది. ‘మాండేటరీ సూయిసైడ్’ యుద్ధంలోకి తోయబడిన సిపాయి పాట. పాట చివర్లో గిటార్లు సాగుతుంటే అరాయా పాడడం మానేసి చదువుతాడు. ఎలాంటి నాటకం లేకుండా, నివేదిక చదివినంత మామూలుగా. ఆ పాట వేగంగా ఉండి ఉంటే ఆ చదువు వినపడేది కాదు. ‘బిహైండ్ ద క్రూకెడ్ క్రాస్’ నాజీ సైన్యంలో చిక్కుకుని పశ్చాత్తాపపడే సైనికుడి మాటల్లో నడుస్తుంది. ‘రీడ్ బిట్వీన్ ద లైస్’ టీవీలో కూర్చుని విరాళాలు దండుకునే మతబోధకుల మీద ఎక్కుపెట్టింది. అమెరికాలో 1987లో అలాంటి బోధకుడు జిమ్ బేకర్ కుంభకోణం బయటపడ్డ వేడి అప్పటికింకా చల్లారలేదు. దెయ్యాలూ పిశాచాలతో మొదలైన బ్యాండ్ ఇక్కడ మనుషులు చేసే పనుల వైపు తిరిగింది. పేరులో స్వర్గం ఉన్నా, సంగతంతా భూమ్మీదే.

దీన్ని నెమ్మదైన ఆల్బమ్ అనడమే పూర్తి నిజం కాదు. ‘సైలెంట్ స్క్రీమ్’, ‘గోస్ట్స్ ఆఫ్ వార్’ బాగానే పరుగెడతాయి. ‘గోస్ట్స్ ఆఫ్ వార్’ అయితే వాళ్ల పాత పాట ‘కెమికల్ వార్‌ఫేర్’ ముగిసిన చోటును అందుకుని మొదలవుతుంది. నెమ్మదైన పాట తర్వాత వచ్చే పరుగు మామూలు పరుగు కంటే రెట్టింపు వేగంగా వినిపిస్తుంది. ‘రెయిన్ ఇన్ బ్లడ్’కు ఆ వీలు లేదు. అక్కడ దాదాపు అన్నీ పరుగులే కాబట్టి, పదో నిమిషానికి చెవి అలవాటు పడిపోతుంది. ఈ మాట అంటే మా వాళ్లలో ఒకడు నాతో రెండ్రోజులు మాట్లాడడు.

ఆ రోజుల్లో సమీక్షలు కూడా కలవలేదు. రోలింగ్ స్టోన్ పత్రిక దీన్ని తీసిపారేసింది. అయినా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 57వ స్థానానికి ఎక్కింది. ‘రెయిన్ ఇన్ బ్లడ్’ 94వ స్థానం దగ్గరే ఆగిపోయింది. 1992లో రెండూ అక్కడ గోల్డ్ అయ్యాయి, అంటే 5 లక్షల కాపీలు. అమ్మకాల లెక్కలో ఇది ఓడిన ఆల్బమ్ కాదు. అభిమానుల నోళ్లలోనే దీనికి రెండో పీట. పరుగుపందెం చూడ్డానికొచ్చిన జనానికి ఇది అందలేదు, అంతే.

సంగీతకారులకు మాత్రం అందింది. స్లేయరే 1990లో ‘సీజన్స్ ఇన్ ది అబిస్’లో పరుగునూ నడకనూ ఒకే ఆల్బమ్‌లో సర్దగలిగింది. ఆ సర్దుబాటు ఇక్కడ నేర్చుకున్నదే. 2012లో స్లేయర్ బెంగళూరు వచ్చింది. ఈ ధ్వని అప్పటికే మన దగ్గర వేళ్లూనుకుంది. హైదరాబాద్‌లో 2015లో మొదలైన గాడ్‌లెస్ బ్యాండ్ డెత్ మెటల్‌కు థ్రాష్ కలిపి వాయిస్తుంది. 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే ఆల్బమ్ తెచ్చింది. అది వినేటప్పుడు పరుగు ఆగి నడకలోకి దిగే చోట్లను పట్టుకుని చూడండి. మెడలు ఊగేది అక్కడే. గంటకు ఇన్ని మైళ్లని కొలిచేవాళ్లు కూడా వేదిక ముందు నిలబడితే ఆ చోట్లలోనే ఊగుతారు. మెడకు వీలైన వేగం అదే మరి.

ఆల్బమ్‌లో లోపాలు లేవని నేననను. ‘క్లెన్స్ ద సోల్’ రిఫ్ మరీ హుషారుగా ఉందని, ఆ పాటంటే తనకు అసహ్యమని కింగ్ అన్నాడు. అతనితో ఏకీభవిస్తాను. మిగతా పాటల బరువు మధ్య అది తేలిపోతుంది. ‘లివ్ అన్‌డెడ్’లో మొదటి సగం వట్టి ఎదురుచూపే, రెండో సగం కోసం ఓర్చుకోవాలి. జూడాస్ ప్రీస్ట్ 1977లో చేసిన ‘డిసిడెంట్ అగ్రెసర్’ను వీళ్లు మళ్లీ వాయించడం మీద గొడవ ఇప్పటికీ ఉంది. పది పాటల్లో ఒకటి అరువు తెచ్చుకోవడమంటే సొంత సరుకు చాలలేదన్నమాటే అని ఒక వర్గం వాదన. అందులో కొంత నిజం ఉండొచ్చు, కింగ్ సగం మనసుతో ఉన్న రోజులు అవి. కానీ ఆ పాట ఇక్కడ ఇమిడిపోయింది. తెలియనివాళ్లకు వినిపిస్తే స్లేయర్ పాటే అనుకుంటారు. ప్రీస్ట్ గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ గొంతు ఎక్కిన ఎత్తుకు అరాయా ఎక్కలేడు, ఎక్కే ప్రయత్నమూ చేయలేదు. కేక ఉండాల్సిన చోట మాటను నొక్కి వదిలేశాడు. చివరి పాట ‘స్పిల్ ద బ్లడ్’ డిస్టార్షన్ లేని గిటార్‌తో మొదలవుతుంది. స్లేయర్ అలాంటిది వాయించిందని చెప్తే 1986లో ఎవరూ నమ్మి ఉండరు. దాటేయాల్సి వస్తే ‘క్లెన్స్ ద సోల్’ ఒక్కటే దాటేస్తాను. మిగతా తొమ్మిదీ వరసగా, అదే క్రమంలో వినాల్సినవే.